మధ్యాహ్న నిద్రకు మంజూరు

అంగన్‌వాడీ సూపర్వైజరుగా కొత్తగా చేరిన అమ్మాయి ఒకామె ఈమధ్య కర్నూల్లో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. కాఫీ తాగి, కాసేపు మొహమాటపడి, "మేడం, ఈ ఉద్యోగంలో అసలు పనేంటి?" అని అడిగింది. శిక్షణలో చెప్పలేదా అన్నాను. చెప్పారు గానీ అర్థం కాలేదంది. ఆ పిల్ల నాకు నచ్చింది. అంతా అర్థమైపోయిందని తలూపేవాళ్లను చూస్తేనే నాకు భయం.

ఆ రోజు ఆమెకు కొంత చెప్పాను. చెబుతూ చెబుతూ దారి తప్పి మా ఇంటి కుళాయి సంగతికి వెళ్లిపోయాను. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. నా బదిలీలు, సన్మానాలు ఎవరికీ అక్కర్లేదు కాబట్టి వాటి జోలికి పోను. నాకు పని నేర్పిన ఒక వీధి గురించి, ఒక పై అధికారి గురించి, ఒక ముసలాయన గురించి చెబుతాను.

గేటు దగ్గర నిలబడే అక్క

నా ఉద్యోగం ఆలూరు వైపు పల్లెల్లో మొదలైంది. పత్తి, వేరుశనగ, వాన పడితే కొర్ర. అప్పట్లో అంగన్‌వాడీ కేంద్రాలన్నీ ఒకే తీరుగా నడిచేవి. పొద్దున పిల్లలు వస్తారు, రెండు పాటలు పాడతారు, పప్పన్నం, గుడ్డు తింటారు, ఇంటికి పోతారు. కాగితం మీద కేంద్రం ఎంతసేపు తెరిచి ఉండాలన్నది వేరే సంగతి. గుడ్డు అయిపోయిందంటే కేంద్రం అయిపోయినట్టే.

ఇంటికి పోతారు అని రాసేశాను గానీ, ఇంట్లో ఎవరుంటారు? తల్లి పత్తి చేనులో ఉంటుంది. తండ్రి ఇంకో చేనులోనో, మిరపకాయల కోతకని గుంటూరు వైపో ఉంటాడు. ఇంట్లో ఉండేది అక్క. తొమ్మిదేళ్లదో పదేళ్లదో ఒక పిల్ల, అన్నం వేళకు మా గేటు దగ్గరికి వచ్చి నిలబడేది. తమ్ముణ్ని చంకకెత్తుకుని తీసుకుపోయేది. అలాంటి పిల్లను ఒకసారి ఆపి, "బడికి పోలేదా పాపా?" అని అడిగాను.

"తమ్ముడు ఉండాడు కదా" అంది.

ఇంత పెద్దదానివి, ఇది కూడా తెలీదా అన్నట్టు చూసింది నన్ను. నా ఉద్యోగంలో అసలు పనేమిటో నాకు అప్పుడు తెలిసింది. చిన్నపిల్లల బడిని సాయంత్రం దాకా నడపాలని మనం అడిగితే, రెండు మూడేళ్ల పిల్లలకు అంతసేపు చదువెందుకని పెద్దమనుషులు నవ్వుతారు. దానికయ్యే సొమ్ము ఆ గేటు దగ్గర నిలబడ్డ పిల్ల కోసం కూడా అని వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి. తల్లి చూసుకోవచ్చు కదా అనే వాళ్లతో నేను వాదన పెట్టుకోను. వాళ్ల ఇళ్లలో పత్తి తీసే పని ఉండదు.

ప్రశాంతమైన భవనం

ఉద్యోగం చివరి ఏళ్లలో నన్ను కడప జిల్లాలో ఒక నేత ఊరికి వేశారు. అక్కడ ఉండగా కొన్ని కేంద్రాలను సాయంత్రం ఐదున్నర దాకా నడపడానికి ప్రభుత్వం సొమ్ము ఇచ్చింది. ఇది పరీక్ష మాత్రమే. పిల్లలు మధ్యాహ్నం కూడా నిలిస్తే సొమ్ము కొనసాగుతుంది, నిలవకపోతే ఆగిపోతుంది. ఇన్నేళ్లూ దేని కోసం ఎదురు చూశానో అది చేతికొచ్చినట్టయింది నాకు.

మా కేంద్రం నేత వీధిలో ఉండేది. చౌడయ్య అనే ముసలాయన మగ్గం ఇంటికి, మా గదికి మధ్య ఒకే గోడ. ఆయన కోడలు ఓబుళమ్మ పొద్దుగూకేదాకా మగ్గానికి నూలు కండెలు చుడుతుంది. ఓబుళమ్మకు ఇద్దరు పిల్లలు. పెద్దది నాగవేణి, అయిదో తరగతిలో బడి మానేసింది. చిన్నవాడు మనోజ్, మూడేళ్లవాడు. వాడి కోసమే ఆ పిల్ల మానేసిందని వేరే చెప్పనక్కర్లేదు.

సాయంత్రం దాకా కేంద్రం ఉంటుందని చెప్పడానికి పోతే ఓబుళమ్మ కండె చుట్టడం ఆపకుండానే విన్నది.

"పిల్లోడు పొద్దుగూకే దాకా నీ కాడ ఉంటే, పాపను రేపే బడికి తోలతా మేడమ్మా. ఉండకుంటే నన్నేం జెయ్యమంటావు?"

ఆమె అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. బేరం కుదిరింది. నాగవేణి మర్నాడే సంచి తగిలించుకుని బడికి పోయింది.

అప్పటి మా ప్రాజెక్టు అధికారి నాకంటే చిన్నది, కడప వైపు భూమి పుట్ర ఉన్న ఇంటి ఆడపడుచు. మాట కొంచెం కరుకు, పనిలో మాత్రం ఒళ్లు దాచుకునే మనిషి కాదు. ఆమె మా గదిని చూసి ముక్కు విరిచింది. పగలంతా గోడ అవతల టక్ టక్ మని మగ్గం. "ఈ రచ్చలో పిల్లోళ్లు యాడ పండుకుంటారక్కా?" అని, ఊరి చివర కొత్తగా కట్టిన ఒక భవనం చూసి పెట్టింది. చుట్టూ ప్రహరీ, ఆవరణలో వేపచెట్టు, పిట్ట కూత తప్ప చప్పుడు లేదు. మేమందరం చంకలు గుద్దుకున్నాం. గోడల మీద చిలకలు, ఏనుగులు వేయించాం. కిటికీలకు పరదాలు కట్టాం.

పిల్లలు ఒక్కరంటే ఒక్కరు నిద్రపోలేదు.

అన్నం తిని చాపల మీద పడుకునేవారు. కాసేపు కళ్లు మిటకరించి పైకప్పు చూసేవారు. ఒకడు ఏడుపు మొదలుపెట్టేవాడు, ఆ ఒకడు ఎప్పుడూ మనోజే. వాడి వెనక అందరూ అందుకునేవారు. మా టీచరు షమీమ్ బంగారం లాంటి మనిషి. ఇద్దర్ని ఒళ్లో వేసుకుని, ఇంకొకణ్ని భుజాన వేసుకుని తిరిగేది. ఇంకా చప్పుడు ఎక్కువైందేమోనని మేం అనుకున్నాం. కీచుమంటోందని గేటుకు నూనె పోశాం. ఉల్లిగడ్డల బండివాణ్ని వీధి మొదట్లోనే ఆపేశాం. వేపచెట్టు మీద కాకులను తోలడానికి ఆయాను కాపలా పెట్టాం. మేం ఎంత నిశ్శబ్దం చేస్తే వాళ్లు అంత ఏడ్చారు.

ఇక చేసేది లేక అక్కలకు కబురు పెట్టేవాళ్లం. తరగతిలో కూర్చున్న నాగవేణిని పిలుచుకొచ్చేవారు. నాలుగు రోజులు చూసి, అయిదో రోజు ఆ పిల్ల బడికే పోలేదు. "మళ్లీ మధ్యలో లేపుకొస్తారు కదా" అంది నాతో. కోపంగా కూడా అనలేదు.

ఆగని జీపు

ఈ సంగతి తెలిసి ప్రాజెక్టు అధికారి, మా మేడం, ఒక మధ్యాహ్నం జీపేసుకుని వచ్చింది. మా ఆఫీసు జీపు సంగతి చెప్పాలి. అది ఆగితే మళ్లీ కదలదు. అందుకని డ్రైవరు మద్దిలేటి ఎక్కడికి పోయినా ఇంజను ఆపేవాడు కాదు. ఆ రోజు కూడా తెచ్చి కిటికీ పక్కనే వేపచెట్టు నీడన నిలబెట్టాడు. అది టకటక టకటక కొట్టుకుంటూనే ఉంది.

మేడం లోపలికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. చూస్తుండగానే ఒకడు ఆవలించాడు. ఇంకొకతె పక్కకు వాలింది. మనోజ్ నోట్లో వేలు పెట్టుకున్నాడు. కాసేపటికి గది అంతా నిద్ర.

"చూసినావా అక్కా" అంది మేడం, మెల్లగా. "మనిషి కొంచెం గట్టిగా ఉంటే పిల్లోళ్లు మాట వింటారు."

నేను తలూపాను. ఆమె కిటికీలోంచి తొంగి చూసి, "మద్దిలేటీ, ఆ పాడు జీపు ఆపప్పా. పిల్లోళ్లు లేస్తారు" అంది.

"ఆపితే మళ్లా..."

"ఆపమంటాండా కదా!"

ఆపాడు. అంతే, మనోజ్ కళ్లు తెరిచాడు. ఒక్క నిమిషంలో అందరూ లేచి కూర్చుని రాగం అందుకున్నారు. మేడం బిత్తరపోయింది. నన్ను చూసింది, షమీమ్‌ను చూసింది, కిటికీ వైపు చూసింది. "స్టార్ట్ చెయ్యి" అంది.

అది స్టార్టయ్యే జీపు కాదని అందరికీ తెలుసు. చివరికి ఏం జరిగిందంటే, మేడం కొంగు నడుముకు దోపింది. ఆమె, నేను, ఆయా, వీధి మొదట్లో ఆగి ఉన్న ఉల్లిగడ్డల బండివాడు, నలుగురం కలిసి ఆ జీపును గేటు దాకా తోశాం. దగ్గి దగ్గి అంటుకుంది. మద్దిలేటి దాన్ని తిప్పి మళ్లీ కిటికీ దగ్గర పెట్టాడు. పిల్లలు ఒక్కొక్కరే వాలిపోయారు.

మేడం మెట్ల మీద కూలబడి చెమట తుడుచుకుంది.

"ఈ పిల్లోళ్ల ఇండ్లల్లో అందరికీ మగ్గాలు ఉండాయా?"

"అందరికీ ఉన్నాయి మేడం."

"పుట్టినకాడి నుంచి మగ్గం పక్కన పండుకున్నోళ్లను తెచ్చి, ఈ నిశ్శబ్దంలో పండుకోబెడితే భయపడరా? మగ్గం ఆగిందంటే అమ్మ లేచి యాడికో పోయిందనుకుంటారు కదక్కా" అంది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నాకు నవ్వాలో వద్దో తెలియలేదు గానీ ఆపుకోలేకపోయాను.

మరుసటి వారానికల్లా కేంద్రం చౌడయ్య గోడ పక్కకు తిరిగొచ్చింది. కొత్త భవనం ఎంచింది ఆమే, వద్దని రాసింది ఆమే. "ప్రశాంత వాతావరణం పిల్లలకు సరిపడలేదు" అని పైవాళ్లకు రాసి చీవాట్లు కూడా తిన్నది. తన ఆర్డరును తానే వెనక్కి తీసుకున్న అధికారులను నా ఉద్యోగంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మీకు అలాంటి ఒకరు దొరికితే కళ్లకద్దుకోండి. ఆమె కింద పనిచేసినందుకు నేను ఇప్పటికీ సంతోషిస్తాను.

మగ్గం మొక్కించుకునే రోజు

పాత గదికి సున్నం కొట్టించాం, కిటికీ పెద్దది చేయించాం. అన్నం కాగానే గోడ అవతల చౌడయ్య మగ్గం, ఎదురింటి మగ్గం, ఆ పక్కింటిది, అన్నీ ఆడుతుంటే పిల్లలు ఒళ్లు మరిచి నిద్రపోయేవారు. ఎవరి అక్కనూ పిలవాల్సిన పని లేకపోయింది. నాగవేణి మళ్లీ బడికి పోయింది. సాయంత్రం సంచితోనే వచ్చి తమ్ముణ్ని తీసుకుపోయేది.

అమావాస్య రోజు మాత్రం ఆ వీధిలో మగ్గం ఆడదు. పొద్దున్నే మగ్గం తుడుస్తారు, కుంకుమ పెడతారు, ఊదొత్తి వెలిగిస్తారు. మగ్గం కింద కూర్చుని తొక్కే గుంటలో ఎవరూ కాలు పెట్టరు. వీధి వీధంతా చప్పుడు ఉండదు. మా పిల్లలకు మళ్లీ పాత జబ్బు. నెలకొక్క రోజే కదా అని మేం సర్దుకున్నాం. ఆ ఒక్క రోజు అక్కలు ఇంట్లో ఉండేవారు.

అప్పుడు జిల్లా నుంచి అధికారి వస్తారని కబురొచ్చింది. ఆయన మధ్యాహ్నం పూట వచ్చి పిల్లలు నిలిచారో లేదో చూస్తారు. ఆయన చూసి రాసే మాట మీదే సొమ్ము ఉంటుందా పోతుందా అన్నది తేలుతుంది. తేదీ చూస్తే అమావాస్య. మేడం ఫోన్ చేసి బతిమాలింది. ఆయన తిరగాల్సిన ఊళ్లు ఇంకా ఉన్నాయట, కుదరదన్నారు.

జీపు పెడదామంటే పాత జీపును అప్పటికే తీసేశారు. కొత్త బండి వచ్చింది, అది పక్కన నిలబడ్డా ఉన్నట్టు తెలియదు. షమీమ్ తన ఫోనులో మగ్గం చప్పుడు పట్టి మనోజ్ చెవి దగ్గర వినిపించింది. వాడు లేచి కూర్చుని బొమ్మలు పెట్టమన్నాడు.

నేను చౌడయ్య దగ్గరికి పోయాను. అడగకూడదని తెలుసు, అయినా అడిగాను.

"అమావాస నాడా?" అన్నాడాయన. "మా తాత ఆడించల్యా, మా నాయన ఆడించల్యా. మాకు అన్నం పెట్టే మగ్గం తల్లికి నెలలో ఆ ఒక్క దినమే తల్లీ ఇడుపు. అదీ లాక్కోమంటావా?"

"లేదు పెద్దాయనా" అన్నాను.

ఇంకొంచెం ఒత్తిడి పెట్టమని మా వాళ్లు నాకు చెప్పారు. నేను పెట్టలేదు. కొత్తగా ఉద్యోగంలోకి వచ్చే పిల్లలకు ఇది చెప్పాలి. మనం ఒకరి వీధిలోకి పోయి మేలు చేస్తున్నాం అనుకుంటాం. ఆ వీధికి మనకన్నా ముందు నుంచీ తన పద్ధతి ఉంటుంది. మన అవసరం కొద్దీ దాన్ని విరగ్గొట్టమని అడిగితే, ఆ తర్వాత ఆ ఇంటివాళ్లు మనకు తలుపు తీయరు.

టక్, టక్

ఆ రోజు వచ్చింది. వీధి నిశ్శబ్దం. పిల్లలు అన్నం తిన్నారు, చాపల మీద పడుకున్నారు. మనోజ్ పైకప్పు చూడడం మొదలుపెట్టాడు. మేడం గుమ్మంలో నిలబడి గోళ్లు కొరుక్కుంటోంది. ఇంతమంది పిల్లలు ఏడుస్తూ కనిపిస్తే ఆ అధికారి ఏం రాస్తాడో నాకు తెలుసు. రాసిన తర్వాత నాగవేణి సంచి ఎక్కడికి పోతుందో కూడా తెలుసు.

గోడ అవతల టక్ మన్నది.

కాసేపాగి మళ్లీ టక్. ఆ తర్వాత ఎప్పటి దరువు అందుకుంది. మనోజ్ నోట్లో వేలు పెట్టుకున్నాడు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటికి పరిగెత్తాను. మగ్గానికి పొద్దున పెట్టిన కుంకుమ అలాగే ఉంది. చౌడయ్య గుంటలో కూర్చుని తొక్కుతున్నాడు. నూలు కండెను మోసే నాడె అటూ ఇటూ పోతోంది గానీ దాంట్లో కండె లేదు. పేక, అంటే అడ్డం నూలు, పడకుండానే నిలువు పోగుల పడుగు కిందికీ మీదికీ ఆడుతోంది. బట్ట ఒక్క వెంట్రుక వాసి కూడా పెరగడం లేదు.

"పెద్దాయనా!" అన్నాను.

"నేను నేస్తాండ్లేదు తల్లీ" అన్నాడు నా వైపు చూడకుండానే. "నూలు పడితే కదా నేత. తల్లికి ముందే చెప్పుకున్యా, టెంకాయ కొట్టినా. ఊరికే ఊపుతాండా."

ఎందుకు మనసు మారిందని నేను అడగలేదు. ఆయనే చెప్పాడు.

"పొద్దున పాప లేచి సంచి తీసి చిలక్కొయ్యకు తగిలిచ్చినాది. ఏమ్మే అంటే, అమావాస కదా తాతా అనె. ఎవరూ చెప్పల్యా మేడమ్మా. అమావాస వస్తే బడి లేదని అదే నేర్చుకున్నాది." చెబుతున్నంతసేపూ ఆయన కాళ్లు మాత్రం ఆపలేదు. "సంచి నేనే తీసి దాని భుజాన ఏసి తోలినా. మా తల్లికి ఇడుపు ఇయ్యాల్సిందే. ఆ పాపతో బడి ఇడిపిచ్చేది మాత్రం నా చేత గాదు."

అధికారి వచ్చేటప్పటికి పిల్లలందరూ నిద్రలో ఉన్నారు. ఆయన గుమ్మంలో నిలబడి చూశారు. లెక్క చూశారు. ఆ తర్వాత చెవి ఒగ్గి విన్నారు. ఆయనకు ఈ వైపు ఊళ్లు కొత్త కాదు.

"అమావాస్య కదా, మగ్గం ఆడుతోందేం?" అని అడిగారు.

మేడం నన్ను చూసింది. నేను ఆయన్ను పక్కింటికి తీసుకుపోయాను. ఆయన గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొచ్చారు. ఖాళీ నాడెను చూశారు.

"ఏం నేస్తున్నావు పెద్దాయనా?"

"ఏమీ ల్యా సార్. పిల్లోళ్లను పండుకోబెడతాండా."

"పేక లేకుండా కొడితే పోగులు తెగవా?"

"తెగితే అతుకుతాం సార్. ఆ పని మాకొచ్చు."

ఆయన ఇక మా పాటలు వినలేదు, చార్టులు చూడలేదు. పోయేముందు మేడంతో, "మధ్యాహ్నం వీళ్లకు ఏం నేర్పుతున్నారని పైన అడుగుతారు, ఏం రాయమంటారు?" అన్నారు. "నిద్రపోతారని రాయండి సార్" అంది మేడం. ఆయన అదే రాశారు. సొమ్ము ఆగలేదు. నేను రిటైరయ్యేదాకా ఆ కేంద్రం సాయంత్రం దాకా నడిచింది, ఇప్పుడూ నడుస్తోంది. ఆ తర్వాత అమావాస్యలకు వీధిలో వంతు పెట్టుకున్నారు. ఒక్కో నెల ఒక్కో ఇంట్లో ఖాళీ నాడె ఆడిస్తారు.

మిగిలిన మాట

కొత్తగా వచ్చిన ఆ అమ్మాయికి ఆ రోజు ఇవన్నీ చెప్పలేకపోయాను. చెబితే ఆమె ముందే ఏడ్చేస్తానని భయం. రాసేటప్పుడైతే పక్కన ఎవరూ ఉండరు కదా.

అమ్మాయీ, నీ ఉద్యోగంలో కొన్ని కోపాలుంటాయి. సొమ్ము ఆలస్యంగా వస్తుంది, గుడ్లు చిన్నవొస్తాయి, పెద్దవాళ్లు మాటలంటారు. పోట్లాడాల్సిన చోట పోట్లాడు, నేనూ పోట్లాడాను. కానీ ఇన్నేళ్ల తర్వాత కూర్చుని తలుచుకుంటే నాకు ఆ గొడవలు గుర్తుకు రావడం లేదు. జీపు తోసిన మా మేడం గుర్తొస్తుంది. ఇద్దర్ని ఒళ్లో, ఒకణ్ని భుజాన వేసుకుని తిరిగిన షమీమ్ గుర్తొస్తుంది. వాళ్లకు రుణపడి ఉన్నాను. ఆ మాట వాళ్ల ముందు ఎప్పుడూ అనలేదు, ఇక్కడ అంటున్నాను.

ఆ అమావాస్య రోజు సంగతి ఇంకొక్కటి ఉంది. అధికారి కారు వెళ్లిపోయింది. పిల్లలు లేచే వేళ కూడా అయింది. అయినా గోడ అవతల మగ్గం ఆగలేదు. ఇక చాలని చెబుదామని పోతే, ఆ ముసలాయన చెమటతో తడిసిపోయి అలాగే తొక్కుతున్నాడు. నేను నోరు తెరిచేలోపు వీధిలో చెప్పుల చప్పుడు వినిపించింది. నాగవేణి వచ్చి గుమ్మంలో నిలబడింది. భుజాన సంచి ఉంది.

"తాతా, అమావాస కదా?"

"బడి ఇడిసినారా?"

"ఇడిసినారు."

"అట్లయితే సరే" అని చౌడయ్య మగ్గం మీద నుంచి చేతులు తీశాడు.

వీధి మళ్లీ నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దానికి గోడ అవతల మనోజ్ అందరికన్నా ముందు లేచి, "అక్కా!" అని కేకేశాడు.